మూడు నెలల సరాసరి

మా అక్క షుగర్ పరీక్షకు వచ్చే ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకునేది. ఆ సంగతి నాకు చాలా కాలం తెలియదు. తెలిసినప్పుడు కోపం రాలేదు, నవ్వొచ్చింది.

ఊళ్లో షుగర్ ఉన్నవాళ్లందరికీ ఆ కిటుకు తెలుసు. రేపు అనంతపురం పోయి రక్తం ఇవ్వాలంటే మొన్నటి నుంచే అన్నం బంద్. నిమ్మకాయంత రాగిముద్ద, ఇన్ని మజ్జిగ నీళ్లు, అంతే. పరగడుపు పరీక్షలో అంకె బుద్ధిగా నూటపదో, నూటపదిహేనో వచ్చేది. తిన్నాక చేసే పరీక్షకు రెండు ఇడ్లీలు తెప్పిస్తే అక్క ఒకటి తాను కొరికి, రెండోది కుక్కకు వేసి, "తిన్యా సామీ" అని ల్యాబువాళ్లకు చెప్పేది. డాక్టరు బాగుందమ్మా అన్నాడంటే చాలు, తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు పక్క అంగట్లో రెండు ఓళిగలు కట్టించుకునేది. ఒకటి నాకు, ఒకటి తనకు. బావకు లేదా అంటే, "మీ బావకు తీపి పడదు లేరా" అనేది. బావకు తీపి బాగానే పడుతుంది.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయేటప్పటికి నాకు నాలుగేళ్లు. మరో రెండేళ్లకు అక్కకు పెళ్లయింది. అత్తగారింటికి పోతూ ట్రంకుపెట్టెతో పాటు నన్నూ బండి ఎక్కించుకుంది. ఇదేమి అని బావ ఒక్క మాట అనలేదు. శింగనమల వైపు ఒక చిన్న ఊరు వాళ్లది. ఏడెకరాల ఎర్రమట్టి మెట్ట, వాన తప్ప వేరే దిక్కు లేని చేను. వాళ్లకు పిల్లలు కలగలేదు. నేనుంటిని కదా అని వాళ్లు దిగులు పడినట్టు కూడా నాకు గుర్తులేదు.

నేను ఉద్యోగం పరీక్ష రాసిన ఏడాది అక్క ఆంజనేయస్వామికి మొక్కుకుంది, శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని. పగలంతా పచ్చి మంచినీళ్లతో ఉండి, సాయంత్రం దీపం పెట్టినాక ఒక్కపూట తినాలి. ఉద్యోగం వచ్చింది. ఒక్కపొద్దు మాత్రం ఆగలేదు. ఇంకెందుకక్కా అంటే, "వచ్చిందని మానుకుంటే, ఆయప్ప మళ్లీ పీక్కుంటాడేమో రా" అనేది.

ఆ ఉద్యోగం ఏమిటంటే మండల ఆఫీసులో లెక్కలు. ఎన్ని ఎకరాల్లో ఏ పైరు వేశారు, ఎన్ని గొర్రెలున్నాయి, ఎంత వాన పడింది. వాన పడిన మరుసటి పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు వెనుకనున్న వానడబ్బాలో నీళ్లు కొలిచి పైకి పంపడం నా పని. నెలాఖరుకు సరాసరి కట్టడం కూడా నా పనే. "మా తమ్ముడు వానను కొలుస్తాడే గాని కురిపిచ్చలేడు" అని అక్క ఊరంతా చెప్పి నవ్వేది. కాపురం అనంతపురంలో పెట్టినా, బండి మీద ఆఫీసుకు పోయి వచ్చే దారిలోనే అక్కవాళ్ల ఊరు. రోజూ సాయంత్రం ఆగి కాఫీ తాగి పోయేవాణ్ణి. గడప తొక్కకముందే బావ అడిగే మాట ఒకటుండేది. "ఏమప్పా, నీ డబ్బాలో ఎంత పడె?"

వాన పడకపోయినా అడిగేవాడు. అది ఆయన పలకరింపు.

రెండేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, అక్కకు అరికాళ్లు మంటలు పుట్టాయి. కారం పూసినట్టుంది రా అనేది. డాక్టరు పాత చీటీలన్నీ వరసగా చూశాడు. అన్నీ మంచి అంకెలే. ఆయన అక్క కాళ్ల వంక చూశాడు, చీటీల వంక చూశాడు, మళ్లీ అక్క మొహం వంక చూశాడు.

"పరీక్షకు ముందు పస్తుంటావా తల్లీ?" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. చిన్నప్పుడు నేను పలక పగలగొట్టి ఆమె వైపు అట్లాగే చూసేవాణ్ణి.

ఆ రోజు ఆయన కొత్త పరీక్ష రాశాడు, మూడు నెలల పరీక్ష. దానికి పరగడుపుతో రానక్కరలేదు, ఇడ్లీలు తిననక్కరలేదు. ఎప్పుడైనా ఇన్ని రక్తపు చుక్కలు ఇస్తే చాలు. సాయంత్రానికి ఫలితం వచ్చింది. పది పాయింట్ నాలుగు. మామూలు మనిషికి ఆరున్నర దాటితే షుగర్ వచ్చినట్టు, షుగర్ ఉన్నవాళ్లకు ఏడు లోపల ఉంటే బాగున్నట్టు అని డాక్టరు చెప్పాడు. ఎట్లా తెలుస్తుందో కూడా చెప్పాడు. రక్తంలో ఎర్రకణాలుంటాయి. ఒక్కొక్కటి దాదాపు నాలుగు నెలలు బతుకుతుంది. బతికినన్నాళ్లూ రక్తంలోని చక్కెర కొంచెం కొంచెంగా దానికి అంటుకుంటూ పోతుంది, మళ్లీ వదలదు. ఎంత అంటుకుందో కొలిస్తే గడిచిన రెండు మూడు నెలల సరాసరి బయటపడుతుంది.

నాకు ఆ పరీక్ష వెంటనే నచ్చింది. సరాసరి అంటే నా పనే కదా. బండి మీద తిరిగి వస్తూ అక్కకు పాఠం చెప్పాను. ఎర్రమట్టి చేన్లో తిరిగితే పంచెకు ఎర్రదుమ్ము పట్టదా, ఎన్ని దినాలు తిరిగినామో పంచెను చూస్తే తెలియదా, ఇదీ అంతే అన్నాను.

"అట్లయితే నేను మొన్న తినింది దానికి తెలుసునా?" అంది వెనకనుంచి.

"మొన్న కాదు, మూడు నెల్ల కిందట తినింది కూడా తెలుసు. దీన్ని నువ్వు మోసం చేయలేవు."

 కొంత దూరం పోయాక అంది, "అంటే ఇంగ మూడు నెల్లూ కడుపు కట్టుకోవాలనమాట."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. హాస్యానికి అన్నదనుకున్నాను.

డాక్టరు ఆ రోజే పాత మాత్రలు మార్చాడు. కొత్త మాత్ర పొద్దున టిఫిన్‌కు ముందు వేసుకోవాలి. చీటీ నా చేతికిస్తూ ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ మాత్ర కొంచెం గట్టిది, వేసుకున్నాక తప్పకుండా తినాలి. ఎప్పుడైనా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే చక్కెర బాగా పడిపోయినట్టు. వెంటనే ఇంత చక్కెరో, బెల్లమో నోట్లో వేయాలి, ఆలస్యం చేయకూడదు. అప్పుడు అక్క బయట చెప్పులు తొడుక్కుంటోంది.

ఆ మాట నేను అక్కకు చెప్పలేదు. బావకూ చెప్పలేదు. మరిచిపోయి కాదు. చెబితే రోజుకు నాలుగుసార్లు చెమట పట్టిందంటుంది, నాలుగుసార్లు బెల్లం కొరుకుతుంది అనుకున్నాను. అక్క నాకు తెలియదా అనుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

పైగా నేను చేసిన పని ఇంకొకటి ఉంది. ఊళ్లో శెట్టి అంగడికి పోయి, మా అక్కకు బెల్లం, చక్కెర అమ్మొద్దని చెప్పాను. గుడి పూజారికి చెప్పాను, ఆమెకు చక్కెర పొంగలి పెట్టొద్దని. అక్కతో పాటు కూలికి వచ్చే ఆడవాళ్లను నిలబెట్టి చెప్పాను, "మా అక్కకు తీపి పెడితే విషం పెట్టినట్టే" అని. అందరికంటే గట్టిగా బావకు చెప్పాను. బావ తల ఊపాడు. "నువ్వు చదువుకున్నోనివి, నువ్వు చెప్తే అంతే" అన్నాడు. మా బావ ఒకసారి మాట పట్టాడంటే ఇక ఆ మాట రాతి మీద గీతే. అక్కకు ఊరంతా నేను పెట్టిన కాపలా అయింది. ఉగాది పచ్చడి కూడా ఆమెకు బెల్లం లేకుండా వేరుగా కలిపారట. "మా తమ్ముడు నాకు వేపపూతే మిగిలిచ్చినాడు" అని చెప్పి నవ్విందట. ఆ మాట చెప్పింది అక్కతో కూలికి పోయే ఆమె, తర్వాత ఎప్పుడో.

జూన్‌లో అంకె ఎనిమిది పాయింట్ ఒకటికి దిగింది. నాకు ఎంత సంతోషమంటే, అక్కవాళ్ల ఇంటికి పోయి గోడ మీద క్యాలెండర్‌లో ఎర్రసిరాతో రాసి చుట్టూ గీత గీశాను. "చూస్తివా, ఏడు లోపలికి వచ్చిందంటే నేను నిన్ను ఏమీ అనను, నీ దావ నీది" అన్నాను. అక్క ఆ అంకెను చాలాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు గాని అంకెలు వచ్చు.

ఒకరోజు సాయంత్రం నేను పోయేసరికి మాత్రల పట్టీలో మూడు మిగిలి ఉన్నాయి. ఎందుకు వేసుకోలేదని అరిచాను. "ఆ దినాలు తిన్లేదు రా, తిననప్పుడు మాత్రెందుకులే అని" అంది. ఆమె చెప్పింది సరైన మాట. డాక్టరు చెప్పిన మాటే. నాకు మాత్రం సాకులా వినిపించింది. "అన్నం మానినా మాను, మాత్ర మాత్రం మానొద్దు" అన్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఏ దినాలు తినలేదు, ఎందుకు తినలేదు అని అడగాలని కూడా తోచలేదు.

అప్పటికే ఆమె శనివారంతో పాటు సోమవారం, గురువారం కూడా ఒక్కపొద్దు ఉంటోంది. దేవుడి కోసం కాదు, ఆ అంకె కోసం. రెండు రోజుల పస్తుకు పాత పరీక్ష లొంగింది. ఇది మూడు నెలల పరీక్ష కాబట్టి మూడు నెలల పస్తుకు లొంగుతుందని ఆమె లెక్క వేసింది. లెక్క తప్పు కాదు. మిగతా నాలుగు రోజులు మామూలుగా తినేది. పస్తుండి ఉండి అలిసిపోయి, కొంచెం ఎక్కువే తినేది కూడా. బావ చూశాడు, దేవుళ్ల పని కదా అని ఊరుకున్నాడు.

ఆ ఏడు వానలు కూడా అట్లాగే పడ్డాయి. జూలైలో వేరుశనగ విత్తనం పడింది. ఆగస్టులో చెనిక్కాయ చెట్టు పూత పూసి ఊడలు భూమిలోకి దిగే సమయానికి ఆకాశం తెల్లగా ఉండిపోయింది. ఇరవై ఆరు రోజులు ఒక్క చినుకు లేదు. ఎర్రమట్టి గట్టిపడి, ఊడ దిగలేక పైనే ఎండిపోయింది. సెప్టెంబరు మొదట్లో రెండు రోజులు కుండపోతగా కురిసింది. వంకలు పారాయి, ఆఫీసు ఆవరణలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. ఆగస్టు నుంచి అప్పటిదాకా కలిపి నేను సరాసరి కడితే, మా మండలంలో వాన మామూలుకంటే కొంచెం ఎక్కువే. అదే రాసి పంపాను.

ఆ సాయంత్రం బావ అడిగిన మాటే అడిగాడు. నేను అంకె చెప్పాను. మన మండలానికి వాన కొరత లేనట్టే లెక్క బావా, సరాసరి బాగుంది, అన్నాను. బావ చేతిలో ఒక చెనిక్కాయ చెట్టు ఉంది, చేనులోంచి పెరికి తెచ్చింది. దానికి రెండే కాయలు, ఒకటి తాలు. దాన్ని నా ముందు పెట్టాడు.

"నెల దినాలు ఎండబెట్టి, రెండు దినాలు ముంచితే నీ సరాసరి సరిపోతాది. నా చెట్టుకు సరిపోతాదా? చెట్టు దినామూ తాగల్లప్పా. దానికి సరాసరి తెల్దు."

"నేనేం చేసేది బావా, డబ్బాలో ఎంత పడితే అంత రాస్తా" అన్నాను. అక్క కాఫీ తెచ్చి ఇద్దరి మధ్య పెట్టి, "వాడు వాన కురిపిచ్చేవాడా ఏందిలే, ఊరకుండు" అని బావను కసిరింది. కాఫీ ఇచ్చేటప్పుడు ఆమె చేయి వణికి సాసర్‌లో కాఫీ తొణికింది. నేను చూశాను. చూసి, తొణికిన కాఫీని మళ్లీ కప్పులో పోసుకుని తాగాను.

ఆ నెలలోనే పరీక్ష. ఆరు పాయింట్ ఆరు. డాక్టరు కళ్లజోడు పైకి తోసి, "ఇంత తొందరగా దిగిందే. మధ్యమధ్య చెమటలు పట్టడం, నీరసం, కళ్లు తిరగడం ఏమైనా ఉన్నాయా తల్లీ?" అని అక్కను అడిగాడు. అక్క నోరు తెరిచింది. ఆమె మాట బయటికి రాకముందే నేనే, "ఏం లేవు సార్, చక్కగా ఉంది" అన్నాను. మంచి అంకె మీద ఎవరూ మచ్చ పెట్టకూడదని నాకు. అక్క నోరు మూసుకుంది. డాక్టరు మాత్రలు అవే రాశాడు.

బయటికి వచ్చాక అంది, "రేయ్, ఎండపొద్దులో నాకు ఒగో దినం ఒళ్లంతా నీళ్లు కారతాది. గుండె దడదడ అంటాది. కండ్లు బైర్లు కమ్ముతాయి."

"ఎండ కదక్కా. అందరికీ అంతే. నీ సరాసరి బాగుంది, నీకేం లేదు."

"అంతేనంటావా."

"అంతే."

ఆ రోజు అంత సంతోషంలోనూ నేను ఆమెకు ఓళిగ కొనిపెట్టలేదు. అప్పుడు కొనిపెట్టి ఉంటే అని కాదు, ఊరికే చెప్తున్నాను.

నవంబరులో ఒక శనివారం. చెనిక్కాయ పెరుకుతున్నారు. కాయ లేకపోయినా కట్టె పశువుల మేతకు వస్తుందని బావ ఆరుగురు కూలీలను పెట్టాడు. అక్క పొద్దున మాత్ర వేసుకుంది. ఒక్కపొద్దు. కూలీలకు ఉగ్గాని చేసి, బొరుగులు, బెల్లం మూట కట్టుకుని చేనుకు తెచ్చింది. అందరికీ పంచింది. తాను తినలేదు.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. అక్కతో కూలికి పోయే ఆమె చెప్పింది, బావ చెప్పాడు. ఇద్దరూ ఒకే విధంగా చెప్పారు. పదకొండు గంటల వేళ అక్క సాళ్ల మధ్య కూర్చుండిపోయింది. రవిక తడిసి ముద్దయింది. ఏందమ్మే అంటే ఏదో గొణిగింది. నా చిన్నప్పటి పేరు పట్టి పిలిచిందట, స్కూలుకు టైమైందని. పక్కనున్న ఆమె నీళ్లు తాగించింది. అక్క తాగింది, గుటక వేయగలిగింది, మెలకువగానే ఉంది. ఆమెకు ఏం తోచిందో, నీరసానికి ఇంత బెల్లం పెడదామని మూట విప్పి ఒక ముక్క అక్క నోటి దగ్గరికి తీసుకుపోయింది.

బావ పరుగెత్తుకుంటూ వచ్చి ఆ చేయి పట్టుకున్నాడు. "తీపి ముట్టియ్యొద్దు! షుగర్ మనిషి. వాడు చెప్పినాడు, విషం పెట్టినట్టేనని."

బెల్లం ముక్క మళ్లీ మూటలోకి పోయింది. నాకు ఫోన్ చేశారు. నేను కలెక్టరేట్‌లో మీటింగులో ఉన్నాను, ఫోన్ మోగకుండా పెట్టుకున్నాను. పై అధికారుల ముందు వాన లెక్కలు చదువుతున్నాను. అంబులెన్సు రోడ్డు దాకా వచ్చింది, చేనుకు దారి లేదు. మంచం మీద మోసుకుపోయారు. అప్పటికి అక్కకు తెలివి లేదు. అంబులెన్సులో వేలు గుచ్చి చూస్తే చక్కెర ముప్పై కూడా లేదు. సూది ద్వారా గ్లూకోజు ఎక్కించారు. చక్కెర పైకి లేచింది, అక్క లేవలేదు.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. కళ్లు తెరిచేది, ఎవరినీ చూసేది కాదు. రెండో రోజు వాళ్లు ఆ మూడు నెలల పరీక్ష కూడా చేశారు. ఆరు పాయింట్ ఒకటి. మా అక్క జీవితంలో అంత మంచి అంకె ఎప్పుడూ రాలేదు.

అక్కడి పెద్ద డాక్టరు నాకు వివరించాడు. ఒక రోజు మూడువందలు, ఒక రోజు యాభై ఉన్నా సరాసరి చక్కగానే కనబడుతుంది, ఆ పరీక్షకు ఎత్తుపల్లాలు తెలియవు, అందుకే మనిషిని కూడా అడగాలి అన్నాడు. ఆయన చెబుతున్నంతసేపూ నాకు బావ నా ముందు పెట్టిన చెనిక్కాయ చెట్టే కనిపించింది. చెట్టు దినామూ తాగల్లప్పా. ఇరవై ఏళ్లుగా సరాసరి కట్టేవాణ్ణి నేను, నాకు ఎవరూ చెప్పాల్సిన పాఠం కాదు అది. ఆసుపత్రి వరండాలో గోడకు తల ఆనించి ఏడ్చాను. పదో రోజు తెల్లవారేసరికి అక్క పోయింది.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక బావ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. గడ్డం పెరిగి ఉంది. నా వంక చూడకుండా అడిగాడు.

"ఆ పొద్దు ఆ బెల్లం ముక్క పెట్టనిచ్చింటే బతికిండునా అప్పా?"

నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "లేదు బావా. అది చేయి దాటిపోయింది. బెల్లంతో అయ్యేది కాదు" అన్నాను. నేను ఆయన కోసమే అబద్ధమాడానని చాలా రోజులు అనుకున్నాను. బావ నమ్మినట్టే తల ఊపాడు. లేచి పోయి పశువులకు కట్టె వేశాడు.

తర్వాత నేను ఆదివారాలు పోయేవాణ్ణి. బావ ముద్ద కెలికి, ఊరుబిండి పచ్చడి నూరి, నాకు ముందు పెట్టి తాను తినేవాడు. గడప తొక్కగానే, "ఏమప్పా, నీ డబ్బాలో ఎంత పడె?" అనేవాడు. ఆ మాట వింటే అక్క లోపల పొయ్యి దగ్గరే ఉన్నట్టుండేది. ఆ ఇంట్లో నాకు మిగిలింది ఆ ఒక్క పలకరింపే.

పోయినేడు మళ్లీ చెనిక్కాయ పెరికే కాలం వచ్చింది. ఆదివారం కదా అని నేను చేను దగ్గరికే పోయాను. కూలీల్లో ఒక ముసలామె, పక్క ఊరిది, ఉన్నట్టుండి గట్టు మీద కూర్చుని తల పట్టుకుంది. మొహమంతా చెమట. నాకు షుగరు సామీ అంటోంది. అందరూ ఆమె చుట్టూ చేరి ఏం చేద్దామని చూసుకుంటున్నారు. బావ వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, విప్పి, బెల్లం ముక్క ఆమె నోట్లో పెట్టాడు. ఇంకొకటి పెట్టాడు. నీళ్లిచ్చాడు. కాసేపటికి ఆమె పైట చెంగుతో మొహం తుడుచుకుని, "ఇప్పుడు పానం కుదుటబడె" అంది. బావ పొట్లం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం అంచులు జిడ్డు పట్టి నల్లబడి ఉన్నాయి. చాలా రోజులుగా ఆ జేబులోనే ఉందని తెలుస్తోంది.

"నీకు తెలుసునా బావా?" అన్నాను.

"ఆ పొద్దే తెలుసు. అంబులెన్సులో పిల్లోడు చెప్పినాడు. ఇంత చక్కెర నోట్లో ఏసింటే సరిపోయేది కదప్పా అన్యాడు."

"మరి నన్నెందుకు అడిగినావు?"

బావ వంగి ఒక చెట్టు పెరికి మట్టి దులిపాడు. "నీకు తెలుసునో లేదో చూద్దామని. కాదంటివి. సరే, వీనికి తెల్దులే అనుకుంటి. తెలిస్తే నువ్వు తట్టుకోలేవని, నేనూ ఊరకుంటి."

ఏడాదిగా ఆయన నన్ను కాపాడుతున్నాడు. అక్క చేయి పట్టుకుని ఆయన ఇంటికి వచ్చిన ఆరేళ్లవాణ్ణి కాపాడినట్టే. బెల్లానికి చేయి అడ్డుపెట్టిన పాపం ఒక్కడే మోస్తున్నాడు, నాకు ఏమీ తెలియదని నమ్మి. అక్కడే నోరు మూసుకుని ఉండవచ్చు. ఉండలేకపోయాను.

"నాకు ముందే తెలుసు బావా. మాత్ర రాసిన దినమే డాక్టరు చెప్పినాడు, చెమట పడితే బెల్లం పెట్టమని. అక్క తీపి తింటాదని నేనే చెప్పలేదు. నీకూ చెప్పలేదు."

బావ చేతిలో చెట్టు అట్లాగే ఉండిపోయింది. నా మొహం వంక చూశాడు, చాలాసేపు. నేను కొట్టమన్నట్టు నిలబడ్డాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. చెట్టును కుప్ప మీద వేసి, "ఆ యమ్మకు ఇంగిన్ని నీళ్లియ్యి" అని, సాలు పట్టుకుని ముందుకు పోయాడు.

ఇప్పటికీ ఆదివారాలు పోతాను. బావ ముద్ద పెడతాడు, ఊరుబిండి వేస్తాడు, చాలకపోతే మారు వడ్డిస్తాడు. కుండపోత వాన పడిన మరుసటి రోజు పోయినా సరే, నా డబ్బాలో ఎంత పడిందని మాత్రం అడగడు.